చెక్క ఫ్లోరింగ్ వేస్తున్నారా? గోడ దగ్గర ఖాళీ వదలండి

లామినేట్ ఫ్లోరింగ్‌లో (చెక్క పీచును అదిమి, పైన చెక్కలా కనిపించే పొర వేసిన పలకల నేల) పలకలు ఒకదానిలో ఒకటి బిగించడం కష్టమేమీ కాదు. అసలు జాగ్రత్త గోడల దగ్గరే కావాలి. ఈ పలకలు తేమ పీల్చి ఉబ్బుతాయి, ఎండాకాలంలో మళ్ళీ తగ్గుతాయి. అందుకే ప్రతి గోడ దగ్గరా, గుమ్మం దగ్గరా 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. అంత మందమున్న చెక్కముక్కలు గోడకు ఆనించి పలకలు పరిచి, పని అయ్యాక తీసేయండి. ఆ ఖాళీని స్కర్టింగ్ (గోడ అడుగున బిగించే పట్టీ) కప్పేస్తుంది. మా హాల్లో ఒక మూల పలకని గోడకి తగిలేలా పెట్టేశాను. వానలు మొదలవగానే నేల మధ్యలో పైకి లేచింది, చాలా బాధేసింది.

పలకల పెట్టెలు తెచ్చిన రోజే పరచకండి. వేయబోయే గదిలోనే 48 గంటలు పడుకోబెట్టి ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ళలో ఇది అస్సలు మానొద్దు.

కింది అంతస్తయితే నేల చెమ్మ కూడా చూసుకోండి. పాలిథిన్ షీటు ముక్కని నాలుగు వైపులా టేపుతో నేలకి అంటించి, ఒక రోజు వదిలేయండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే ముందు ఆ చెమ్మ సంగతి చూడాలి.

స్కర్టింగ్ మేకులు గోడలోకే దిగాలి, పలకల్లోకి కాదు.