ఉగాది సభలో మైకు పట్టుకునే ముందు: చెన్నై తెలుగువారికి ఉచ్చారణ సాధన

ముందుగా ఈ విద్య పేరే సరిగా పలుకుదాం. ఉత్, చారణ కలిస్తే ఉచ్చారణ. అందులో ఒత్తు ఛ, అంటే గాలి ఒత్తి పలికే ఛ, లేదు. ఉచ్ఛ్వాసంలో ఉంది, ఎందుకంటే అక్కడ కలిసింది శ్వాస. గంభీరంగా వినిపించాలని "ఉచ్ఛారణ" అనేవాళ్లు చాలామంది. మైకు ముందు తప్పులు రెండు దారుల్లో వస్తాయి: ఉన్న ఒత్తును మింగేయడం, లేని ఒత్తును తగిలించడం. రెండింటికీ మందు ఒకటే. మాట పుట్టుక తెలుసుకుని, నోటికి అలవాటు చేయడం.

యాసను దిద్దుకోవాలని ఎవరూ కంగారు పడనక్కర్లేదు. తరతరాలుగా ఇక్కడే ఉన్న ఇంట్లో "వచ్చినాడు" అంటారు, కోస్తా నుంచి వచ్చిన ఇంట్లో "వచ్చాడు" అంటారు. పత్రికలు, రేడియో కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాటను ప్రమాణంగా పట్టుకున్నాయి కాబట్టి రెండోది ఎక్కువగా వినపడుతుంది. వేదిక మీద రెండూ చెల్లుతాయి. ఒక ప్రసంగంలో ఒకదానికే కట్టుబడితే చాలు. "వచ్చాడు" ఎంచుకుంటే మాత్రం "చ్చా" దగ్గర నోరు "బ్యాంకు"లో లాగా తెరుచుకోవాలి, "చాప"లో లాగా కాదు. దిద్దుకోవలసింది అక్షరం.

చెన్నైలో పెరిగినవారికి అన్నిటికన్నా ముందు సరిచూసుకోవలసింది పరుషాలు (క, చ, ట, త, ప), సరళాలు (గ, జ, డ, ద, బ). తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ అంతే. పైగా తమిళంలో అనునాసికం (న, మ లాగా ముక్కుతో పలికే అక్షరం) తర్వాత వచ్చే పరుషం సరళంగా మారిపోతుంది, రెండచ్చుల మధ్య ఒంటరిగా ఉన్నదీ మెత్తబడుతుంది. ఆ అలవాటు తెలుగులోకి వస్తే సంతోషం "సందోషం" అవుతుంది, వసంతం "వసందం", సంపద "సంబద", నాటకం "నాడగం", కవిత "కవిద" అవుతాయి. మాట్లాడేవారికి ఇది అసలు వినపడదు, అందుకే ఇది మొండి దోషం. జంట పదాలతో సాధన చేయండి: పంట, పండు; చింత, చిందు; కంప, కంబళి. కంఠం ముందు రెండు వేళ్లు ఆనించి పలకండి. "చిందు"లో అదురు చివరిదాకా ఆగదు. "చింత"లో త దగ్గర క్షణం ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగడం వేళ్లకు తెలియకపోతే మీరు పలికింది ద. రోజుకు పది జంటలు, ఒక్కో జంట ఐదుసార్లు, నిదానంగా. వేగం తర్వాత దానంతట అదే వస్తుంది.

ఒత్తులకు సాధనం కాగితం ముక్క. రెండు సెంటీమీటర్ల వెడల్పు, చేయి పొడవు ఉన్న పలచని కాగితాన్ని పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో వేలాడదీసి "క" అనండి, తర్వాత "ఖ" అనండి. మొదటిదానికి కాగితం దాదాపు కదలదు, రెండోదానికి ఎగురుతుంది. ఘ, ధ, భ లకు కొద్దిగానే కదులుతుంది. వాటిలో గాలితో పాటు కంఠనాదం కూడా ఉంటుంది కనుక అది సహజమే. ఇక్కడ ఎక్కువమంది జారే చోటు ఒకటుంది. భారతం అనబోయి "బహారతం" అంటారు. బ తర్వాత హ అనే రెండో అక్షరం రాకూడదు, గాలి బ తోనే బయటికి రావాలి. ఫలితంలో ఫ కు పెదవులు పూర్తిగా మూయాలి. కింది పెదవిని పళ్లకు ఆనిస్తే అది "ఫ్యాను"లోని ఫ.

ఇంట్లో తెలుగు మాట్లాడినా లిపి రానివారు ప్రసంగాన్ని తమిళ అక్షరాల్లో రాసుకోవడం ఈ ఊళ్లో మామూలే. తప్పులేదు. కానీ తమిళంలో అచ్చయ్యే స్తోత్రపుస్తకాల పద్ధతి పాటించండి: అక్షరం పక్కన వర్గంలో దాని స్థానం అంకెగా వేస్తారు. త కు ఏమీ లేదు, థ కు 2, ద కు 3, ధ కు 4. ప వర్గానికీ, క వర్గానికీ అదే లెక్క. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం కన్నా ఇది ఎంతో నయం. అక్కడ ద, డ ఒకేలా కనపడతాయి, దీర్ఘమూ తెలియదు. మేడ అనవలసినచోట మెడ అనేస్తారు.

చ, జ ల సంగతి చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో తెలుగు నాదం అక్కడే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా ఉన్న చిన్నయ సూరి 1858 నాటి వ్యాకరణంలో దీన్ని సూత్రీకరించాడు. తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ లతో కూడిన చ, జ తాలవ్యాలు. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ లతో కూడినవి దంత్యాలు. అంటే "మంచి"లో నాలుక అంగిలికి తగులుతుంది, "మంచం"లో పైపళ్ల వెనక్కి వస్తుంది. చలి, చదువు, చాలు, చుక్క, జొన్న, జడ అన్నీ దంత్యాలే. సంస్కృతం నుంచి వచ్చిన చరిత్ర, చందనం, జనం, జాతి ఎప్పుడూ తాలవ్యాలు. ఉగాదినాడు ఈ తేడా ఒకే వాక్యంలో ఎదురవుతుంది: పంచాంగంలో తాలవ్యం, పచ్చడిలో దంత్యం. సందేహం వస్తే పాత నిఘంటువు తెరవండి, దంత్యాన్ని ౘ, ౙ అని గుర్తుపెట్టి చూపుతాయి.

మాట చివరి ఉ ను మింగకండి. తమిళంలో మాట చివరి ఉకారం కురచగా, పెదవులు గుండ్రంగా చేయకుండా పలుకుతారు. తెలుగులో పాలు, కాలు, వారు పూర్తి ఉకారంతో ముగియాలి. పెదవులు ముందుకు వచ్చాయో లేదో అద్దంలో చూసుకోండి. "వాడెక్కడ" అని సంధి చేసి ఉ పోగొట్టడం వేరు, అది తెలుగు నడకే. వాక్యం చివర "వచ్చాడ్" అని ఆగిపోవడమే దోషం.

శ, ష ల తేడా మరీ సూక్ష్మంగా రాకపోయినా వినేవారు క్షమిస్తారు. వాటిని స చేస్తే క్షమించరు. శ కు నాలుక చ దగ్గర, ష కు ట దగ్గర, స కు పళ్ల దగ్గర ఉండాలి. "షడ్రుచులు" అనడం మంచి పరీక్ష. ణ, ళ తమిళంలోనూ ఉన్నాయి, ఇక్కడివారిని అవి బాధించవు. జ్ఞానాన్ని తమిళంలో లాగా "ఞానం" అనకండి, గ వినపడాలి.

ఏ సభలోనైనా తప్పక వచ్చే మాటలు కొన్ని ఉన్నాయి, వీటిని విడిగా నేర్చుకోండి. ముఖ్య అతిథి: చివర థి, ధి కాదు. విద్యార్థి, ప్రార్థన కూడా థ తోనే. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. హార్దిక స్వాగతంలో ఒత్తు లేదు. బహుమతి ప్రదానంలోనూ లేదు. ప్రధానం అంటే ముఖ్యమైనది. అధ్యక్షులు, ధన్యవాదాలు, శుభాకాంక్షలు ఒత్తుతో. సంవత్సరంలో త్స విడిగా వినపడాలి, "సంవచ్చరం" కాకూడదు.

సభకు పది రోజుల ముందు రాతప్రతి సిద్ధం చేసుకోండి. ఒత్తుల కింద ఎర్రగీత, ఊపిరి తీసుకునే చోట నిలువు గీత పెట్టండి. అంకెలను అక్షరాల్లో రాయండి. ఈ నగరంలో తెలుగు ప్రసంగమంటే పొట్టి శ్రీరాములు ప్రస్తావన వస్తుంది: యాభై ఎనిమిది రోజుల నిరాహారదీక్ష, పందొమ్మిది వందల యాభై రెండు డిసెంబరు పదిహేను. 1952 అని అంకెల్లో ఉంటే నోరు ఇంగ్లీషులోకి జారుతుంది. రోజూ ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి, కాగితం చూస్తూ వినండి. రోజుకు ఒక్క దోషాన్నే వెతకండి. మొదటి మూడు రోజులు త, ద, తర్వాతి మూడు రోజులు ఒత్తులు. ఆఖరి రెండు రోజులు దిద్దడం మానేసి ధారాళంగా చదవండి. వేదిక మీద కూడా దిద్దుకుంటూ కూర్చుంటే భావం తెగిపోతుంది.

మైకు నోటికి తిన్నగా కాకుండా కొద్దిగా పక్కకు, బెత్తెడు దూరంలో ఉంచండి. ప, ఫ, భ ల గాలి నేరుగా తగిలితే "డబ్" మని మోగుతుంది. ఆ మోతకు భయపడి ఒత్తు తగ్గించేస్తారు. తగ్గించవలసింది ఒత్తు కాదు, మైకును కాస్త పక్కకు తిప్పితే సరిపోతుంది.