జనవరి మంచులో ట్రౌట్ పట్టి, ప్రాణంతో వదలడం ఎలా (విస్కాన్సిన్ వాగుల్లో)

మాడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు చాలామంది సమ్మర్‌లో లేక్‌కి వెళ్ళి చేపలు పట్టి ఇంటికి తెచ్చి పులుసు పెడతారు, నేనూ పెట్టాను, బానే ఉంటుంది. కానీ జనవరిలో వాగులోకి దిగి ట్రౌట్ (చల్లటి వాగుల్లో ఉండే చేప) పట్టి మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తాం అంటే మాత్రం "వదిలేసేదానికి అంత చలిలో ఎందుకురా" అంటారు. ఒక్కసారి వస్తే తెలుస్తుంది. కొండల మధ్య తెల్లటి లోయ, ఎక్కడా మనిషి అలికిడి ఉండదు, మధ్యలో గడ్డకట్టకుండా పొగలు కక్కుతూ పారే వాగు, అందులో బంగారు రంగు ఒంటి మీద ఎర్ర చుక్కలతో బ్రౌన్ ట్రౌట్. ఈ చలికాలం మొదటిసారి వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. చలికాలంలో ట్రౌట్ దగ్గర ఖర్చు పెట్టడానికి ఓపిక ఉండదు. చల్లని రక్తం ఉన్న జీవి, నీళ్ళు 38 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (ఇందులో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే) పడితే దాని ఒళ్ళంతా నెమ్మదిస్తుంది, తిన్నది అరగడానికే చాలా టైమ్ పడుతుంది. అందుకే ఎదురు నీళ్ళలో ఈదదు, దూరంగా ఉన్న తిండి కోసం కదలదు. అది ఎక్కడుంటుంది, ఏం తింటుంది, మనం దాన్ని ఎలా పట్టుకోవాలి, అన్నిటికీ జవాబు ఇందులోనే ఉంది.

ఇక రూల్స్. విస్కాన్సిన్‌లో ఈ ఎర్లీ సీజన్ జనవరి మొదటి శనివారం మొదలై మే మొదటి శనివారానికి ముందురోజు దాకా ఉంటుంది, పట్టిన ప్రతి ట్రౌట్‌నీ వదిలేయాల్సిందే, వానపాము లాంటి నిజం ఎరలు వాడకూడదు, ఆర్టిఫిషియల్ మాత్రమే. లైసెన్స్‌తో పాటు ఇన్‌ల్యాండ్ ట్రౌట్ స్టాంప్ కూడా కావాలి, 10 డాలర్లు. లైసెన్స్ మార్చి 31తో అయిపోతుంది కాబట్టి ఏప్రిల్‌లో కూడా వెళ్తే కొత్తది కొనాలి, చాలామంది ఇక్కడే దొరికిపోతారు. అన్ని వాగులకీ ఒకటే రూల్ ఉండదు, వెళ్ళే వాగు పేరు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) రెగ్యులేషన్స్‌లో చూసుకోండి. ఇంకోటి, చాలా వాగులు రైతుల పొలాల్లోంచి పారతాయి. పబ్లిక్ దారి ఉన్నచోట నీళ్ళలోకి దిగి, కాళ్ళు నీళ్ళలోనే ఉంచి నడిస్తే తప్పు లేదు కానీ ఒడ్డున ఈజ్‌మెంట్ బోర్డు (అందరూ నడవొచ్చని అనుమతి ఉన్నట్టు చెప్పేది) లేకపోతే అడగకుండా నడవద్దు.

ఎక్కడికి అంటే డ్రిఫ్ట్‌లెస్ ఏరియా, విస్కాన్సిన్ నైరుతి వైపు కొండల ప్రాంతం. మాడిసన్‌కి దగ్గర్లో బ్లాక్ ఎర్త్ క్రీక్, ఇంకా పడమరకి వెళ్తే వైరోక్వా, కూన్ వ్యాలీ వైపు టింబర్ కూలీ (Timber Coulee) వాగు లాంటివి. చివరి మంచుయుగంలో హిమానీనదాలు ఈ ప్రాంతాన్ని తాకకుండా పక్కనుంచి పోయాయి, అందుకే కొండలూ లోయలూ అలాగే మిగిలాయి, సున్నపురాయి పొరల్లోంచి ఊటనీళ్ళు ఏడాది పొడుగునా 48 డిగ్రీల దగ్గర్లో బయటికొస్తాయి. బయట సున్నా ఉన్నా ఊట దగ్గర నీళ్ళు గడ్డకట్టవు. కిందకి పోయేకొద్దీ చల్లబడతాయి కాబట్టి చలికాలంలో వాగు పైభాగం, ఊటలు కలిసే చోట్లు పట్టుకోండి. ఈ వాగులు ఎప్పుడూ ఇలా లేవు, ఒకప్పుడు కొండవాలు మీద పొలాలు కోసుకుపోయి మట్టంతా వాగుల్లో పడింది, 1933లో దేశంలోనే మొదటి వాటర్‌షెడ్ మట్టి సంరక్షణ ప్రాజెక్టు కూన్ వ్యాలీలోనే మొదలుపెట్టారు. అప్పట్నుంచి చేసిన కష్టం వల్లే ఇవాళ మనం అక్కడ నిలబడుతున్నాం.

రోజు ఎంచుకోవడంలో కొత్తవాళ్ళు తప్పు చేస్తారు. ఎండ బాగా కాసి 45 డిగ్రీలు వచ్చిన రోజు చూసి పరిగెడతారు, కానీ ఆ రోజు మంచు కరిగి వాగులో పడుతుంది, నీళ్ళు వేడెక్కడం కాదు ఇంకా చల్లబడతాయి, బురదగా కూడా అవుతాయి. దానికన్నా రెండు మూడు రోజులుగా 30 నుంచి 36 మధ్య నిలకడగా ఉండి, మబ్బుగా, గాలి లేని రోజు చాలా నయం. పొద్దున్నే లేవక్కర్లేదు, పదకొండు నుంచి మూడు దాకా చాలు. చిన్న థర్మామీటర్ జేబులో పెట్టుకోండి, నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలు పెరిగినప్పుడు చేప నోరు తెరుస్తుంది.

చేప ఉండేది మడుగుల్లో, అడుగున, నీళ్ళు మనిషి నడక కన్నా నెమ్మదిగా కదిలే చోట. సమ్మర్‌లో పట్టిన గలగలా పారే చోట్లన్నీ వదిలేయండి. గడ్డి, నాచు లేక నీళ్ళు అద్దంలా ఉంటాయి, మీ నీడ పడినా, అడుగుల చప్పుడు అయినా అయిపోయినట్టే, కాబట్టి దూరంగా వంగి, వీలైతే మోకాళ్ళ మీద ఉండి వేయండి.

సామాను విషయానికొస్తే, ఇది ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కనబడేలా కట్టిన కొక్కెం (ఫ్లై) వేసి పట్టడం. 9 అడుగుల ఫ్లై రాడ్, నాలుగో ఐదో వెయిట్ (రాడ్ బలాన్ని చెప్పే నంబర్) చాలు. పైన చిన్న ఇండికేటర్ (కాటు తెలియడానికి నీళ్ళ మీద తేలేది), నీళ్ళ లోతుకి ఒకటిన్నర రెట్లు కిందకి పింక్ స్క్విరెల్ అనే ఫ్లై, 14 లేదా 16 సైజు (నంబర్ పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది; ఈ ఫ్లై ఈ ప్రాంతంలోనే పుట్టింది, స్కడ్ అనే చిన్న రొయ్యలాంటి పురుగుల్ని గుర్తు చేస్తుంది), దానికింద జానెడుకి కొంచెం ఎక్కువ దూరంలో 18 లేదా 20 సైజు జీబ్రా మిడ్జ్ (బుల్లి దోమలాంటి పురుగుని పోలిన ఫ్లై). చిన్న సీసం గుండు ఒకటి పెట్టండి, మధ్యమధ్యలో నేలకి తగులుతూ పోవాలి, తగలట్లేదంటే చేపకి పైనుంచి పోతోందని అర్థం. అది మూరెడు దూరం కూడా కదలదు కాబట్టి తిండి దాని ముక్కు ముందుకే వెళ్ళాలి, ఒకే మడుగులో బెత్తెడు బెత్తెడు జరుపుకుంటూ ముప్పై సార్లు వేయాల్సి రావచ్చు. ఇండికేటర్ మునుగుతుందని చూస్తూ కూర్చోవద్దు, చలికాలం కాటు అంటే అది ఒక్క క్షణం ఆగినట్టు ఉండడమే, అనుమానం వస్తే మెల్లగా ఎత్తేయండి. మధ్యాహ్నం మంచు మీద చిన్న నల్ల పురుగులు నడుస్తూ కనబడితే, నీళ్ళ మీద ముక్కులు తేలితే, అప్పుడు 20 సైజు గ్రిఫిత్స్ న్యాట్ (నీళ్ళ మీద తేలే ఫ్లై) వేసి చూడండి, ఫిబ్రవరిలో నాకు అంతకన్నా సంతోషం ఇంకోటి లేదు.

రాడ్ రింగుల్లో ఐస్ కడితే గోళ్ళతో లాగొద్దు, చివర విరిగిపోతుంది, రాడ్‌ని నీళ్ళలో ముంచితే కరిగిపోతుంది. బయల్దేరేముందు రింగులకి లిప్ బామ్ రాస్తే కొంచెం ఆగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నా మొదటి చలికాలంలో 15 అంగుళాల చేప పడింది, ఆ ఆనందంలో మంచు మీద పడుకోబెట్టి నాలుగైదు ఫొటోలు తీశాను, నీళ్ళలో వదిలితే పక్కకి ఒరిగి మెల్లగా కొట్టుకుపోయింది. ఇంకా కళ్ళముందు ఉంది. గడ్డకట్టే గాలిలో తడి మొప్పలు, కళ్ళు చాలా త్వరగా దెబ్బతింటాయి, ఆ మొప్పలతోనే అది ఊపిరి తీసుకోవాలి. అందుకే ఇంటి దగ్గరే కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని ప్లయర్‌తో నొక్కేయండి, మంచులో వేళ్ళు పనిచేయవు. ఫ్లై కట్టే తీగ (టిప్పెట్) మరీ సన్నది వాడొద్దు, 5ఎక్స్ మందం చాలు, సన్నదైతే చేపని ఎక్కువసేపు అలసగొట్టాల్సి వస్తుంది, ఉన్న ఓపికంతా అక్కడే అయిపోతుంది. వల రబ్బరుది కావాలి, చేప దగ్గరికి రాకముందే నీళ్ళలో ముంచండి, గడ్డకట్టిన వల ఇసుక కాగితంలా గీసేస్తుంది. గ్లవ్ తీసేసి చేయి తడిపి మాత్రమే ముట్టుకోండి, దాని ఒంటి మీద జిగురు పొరే దాని రక్షణ, ఉన్ని గ్లవ్ దాన్ని తుడిచేస్తుంది. వలని నీళ్ళలోనే ఉంచి ఫోర్సెప్స్‌తో కొక్కెం పట్టుకుని తిప్పితే ఊడొస్తుంది, లోపలికి మింగేస్తే లాగొద్దు, తీగ కోసేయండి. ఫొటో కావాలంటే పక్కవాడు ఫోన్ రెడీగా పెట్టుకున్నాక ఒక్కసారి ఎత్తి మూడు అంకెలు లెక్కపెట్టి దించేయండి, 20 డిగ్రీల కన్నా తక్కువ ఉంటే అసలు ఎత్తొద్దు, నీళ్ళలోనే తీయండి, నిజానికి ఆ ఫొటోలే బావుంటాయి. వదిలేటప్పుడు మెల్లటి నీళ్ళలో తల ఎదురు ప్రవాహానికి పెట్టి పొట్ట కింద చేయి ఆనించండి చాలు, ముందుకీ వెనక్కీ ఊపొద్దు. దానంతట అదే తోక విదిల్చి వెళ్ళేదాకా ఆగండి, మీ వేళ్ళు మొద్దుబారినా సరే.

నీళ్ళలో నడిచేటప్పుడు కూడా చూసుకోండి. బ్రౌన్, బ్రూక్ ట్రౌట్ రెండూ ఆకురాలే కాలంలో గుడ్లు పెడతాయి, చలికాలమంతా ఆ గుడ్లు కంకరలో ఉంటాయి. చుట్టూ నాచు పట్టిన రాళ్ళ మధ్య తుడిచినట్టు తెల్లగా కనబడే గుండ్రటి చోటు ఉంటే దాని మీద కాలు పెట్టొద్దు.

మీ ప్రాణం సంగతి. కాటన్ వేసుకోవద్దు, తడిస్తే ఆరదు, ఉన్ని లేదా ఫ్లీస్ పొరలు పొరలుగా వేసుకోండి. రెండు జతల సాక్స్ ఇరికించి వేస్తే రక్తం ఆడక కాళ్ళు ఇంకా త్వరగా చల్లబడతాయి, బూట్ ఒక సైజు పెద్దది కొనండి. ఫెల్ట్ (మందపాటి గుడ్డలాంటిది) అడుగు ఉన్న బూట్లకి మంచు ఉండలు కడుతుంది, రబ్బరు అడుగు, మేకులు ఉన్నవి నయం. వేడర్ (నీళ్ళు చొరబడకుండా ఒంటికి వేసుకునే పొడుగు ప్యాంటు) బెల్ట్ బిగించకుండా నీళ్ళలోకి దిగొద్దు. ఒడ్డునుంచి నీళ్ళ మీదకి వచ్చిన ఐస్ పలక మీద అస్సలు నిలబడొద్దు, కింద ఏమీ ఉండదు. పడి తడిస్తే ఇంకో పది నిమిషాలు చూద్దాం అనుకోకుండా వెంటనే కారుకి వెళ్ళండి, కార్లో మొత్తం జత పొడిబట్టలు, ఫ్లాస్క్‌లో మిరియాల చారు పెట్టుకోండి (టీ కన్నా చారే ఎక్కువ పనిచేస్తుంది, ఇది నా అనుభవం). ఆ లోయల్లో సిగ్నల్ ఉండదు, ఏ వాగు, ఏ బ్రిడ్జి దగ్గర కారు పెడుతున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. తిరిగొచ్చాక బూట్లు, వేడర్లు కడిగి పూర్తిగా ఆరబెట్టండి, బ్లాక్ ఎర్త్ క్రీక్‌లో 2013లో న్యూజిలాండ్ మడ్ స్నెయిల్ బయటపడింది, ఆ బుల్లి నత్త బూట్లకి అంటుకునే ఒక వాగునుంచి ఇంకో వాగుకి పోతుంది.