రాత్రి తీసిన ఫొటో బాగా రాలేదా? ముందు లక్షణం చూడండి, తర్వాత స్లైడర్ ముట్టుకోండి

సద్దుల బతుకమ్మ నాడు చెరువుకట్ట మీద తీసిన ఫొటోలు తెల్లారి చూసుకుంటే సగం నల్లగా, సగం మసకగా కనిపిస్తాయి. చాలామంది వెంటనే బ్రైట్‌నెస్‌ను చివరిదాకా లాగేస్తారు. దాంతో ఆకాశం బూడిదరంగుకు తిరుగుతుంది, దీపం తెల్లటి మరకలా మారుతుంది, ఫొటోకు కళ పోతుంది. చీకటి ఫొటోలన్నిటిలో లోపం ఒకటే కాదు కాబట్టి అన్నిటికీ ఒకే స్లైడర్ పనికిరాదు. కింద చెప్పిన మార్పులను స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ మొబైల్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌లలో చేసుకోవచ్చు. చాలా ఫోన్ల గ్యాలరీలో ఉండే ఎడిట్‌లో కూడా ఇంచుమించు ఇవే పేర్లు ఉంటాయి.

మనుషులు చీకట్లో ఉన్నారు, దీపాలు మాత్రం చక్కగా ఉన్నాయి

ఇలా వస్తే సంతోషించండి, బాగు చేయడానికి ఇదే అన్నిటికంటే తేలిక. కెమెరా దీపం వెలుగును చూసి లెక్క కట్టింది, అందుకే మిగతాది నల్లబడింది. ముందు హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) కొంచెం తగ్గించి, ఆ తర్వాత ఎక్స్‌పోజర్ (ఫొటో మొత్తం వెలుతురు) పెంచండి. లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోజర్ +1 అంటే వెలుతురు రెట్టింపైనట్టు, +2 అంటే నాలుగింతలు. జేపెగ్ అనే మామూలు రకం ఫొటో ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, నల్లటి చోట వాటిలో కొన్నే వాడుకలో ఉంటాయి. అందుకే +1 దాటిన కొద్దీ చర్మం మీద, ఆకాశంలో మచ్చలు తేలుతాయి. అక్కడ ఆగి, మిగిలిన పని షాడోస్‌తో (నీడ పడిన చోట్లను మాత్రమే మార్చే స్లైడర్) చేయండి. చివర్లో బ్లాక్స్ (అన్నిటికంటే నల్లటి చోట్లు) కాస్త తగ్గిస్తే రాత్రి రాత్రిలాగే ఉంటుంది.

ఒక్క మొహమే చీకట్లో ఉంటే ఫొటో మొత్తాన్ని కదిలించకండి. స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్ తెరిచి, మొహం మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి తగ్గించి అంతమేరకే బ్రైట్‌నెస్ పెంచండి. ఎంత పెంచాలన్నది ముఖ్యం. మనిషిని ఎదురుగా చూసినప్పుడు ఉండే ఛాయ వచ్చేదాకానే పెంచాలి. పాలమూరు ఎండలో చేను పని చేసే పెద్దమ్మ మొహాన్ని పాలరంగులోకి తెస్తే ఆ ఫొటోలో ఆమె ఉండదు. ఆటో బ్యూటీ బటన్లు సరిగ్గా ఈ పనే చేస్తాయి, వాటి జోలికి పోవద్దని నా గట్టి మాట.

దీపం, బల్బు, స్టేజీ లైటు తెల్లగా పేలిపోయాయి

ఆ చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ చివరి మెట్టైన 255కు చేరిపోయాయి. జేపెగ్‌లో అక్కడ వివరం మిగల్లేదు కాబట్టి హైలైట్స్ ఎంత తగ్గించినా తెలుపు కాస్తా బూడిదవుతుంది, అంతే. ఆ చోటును కత్తిరించడం (క్రాప్) తప్ప మార్గం లేదు. తీసేటప్పుడే స్క్రీన్ మీద దీపాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. చీకటిని తర్వాత కొంత పైకి తేవచ్చు, పోయిన వెలుగును తేలేం.

చీకటి గదిలో తీసినా ఫొటో వెలిసిపోయినట్టు వచ్చింది

నల్గొండ పక్కన పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో, గర్భగుడి గోడ మీద రోజంతా నిలిచే నీడను ఫోన్‌లో తీసినవాళ్లకు ఈ ఇబ్బంది ఎదురయ్యే ఉంటుంది. కంటికి కనిపించిన నీడ ఫొటోలో పలచబడిపోతుంది. కెమెరా ఏ దృశ్యాన్నైనా నడిమి రకం వెలుతురుగా చూపాలని చూస్తుంది. చీకటి గర్భగుడిని కూడా అలాగే లేపుతుంది. ఇక్కడ ఎక్స్‌పోజర్ తగ్గించాలి, కాంట్రాస్ట్ పెంచాలి. షాడోస్‌ను మాత్రం పైకి జరపకండి, మనకు కావలసిందే నీడ.

ఇసుక చల్లినట్టు గ్రెయిన్స్ వచ్చాయి

సెన్సర్‌కు వెలుతురు చాలక ఫోన్ ఐఎస్‌ఓ (అందిన వెలుతురును పెంచి చూపే సెట్టింగు) పెంచుకుంటుంది. వచ్చిన కొద్దిపాటి వెలుతురుతో పాటు అందులోని హెచ్చుతగ్గులూ పెద్దవై కనిపిస్తాయి. లైట్‌రూమ్ డీటెయిల్స్‌లో నాయిస్ రిడక్షన్‌ను (గ్రెయిన్స్ తగ్గించే స్లైడర్) మెల్లగా పెంచండి, తంగేడు రేకులు కలిసిపోయి ముద్దలా కనిపించకముందే ఆగండి. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు ఎక్కువుంటే కలర్ నాయిస్‌ను ఇంకొంచెం ధైర్యంగా తగ్గించవచ్చు, దానివల్ల వివరం అంతగా పోదు. షార్పెనింగ్ ముందు చేస్తే గ్రెయిన్స్‌కే పదును పెట్టినట్టవుతుంది, అది ఆఖర్న చేయాలి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే గ్రెయిన్స్‌తో పాటు చీకటి చోట్ల గళ్లు కూడా కనిపిస్తాయి. అది కుదించడం వల్ల వచ్చింది, ఎడిటింగ్‌తో పోదు. తీసినవాళ్లను అదే ఫొటో డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

రంగులన్నీ పసుపు మయం

పోచంపల్లిలో మగ్గం గదిలో బల్బు కింద చీర ఫొటో తీస్తే తెల్ల నూలు పచ్చబడి, ఎరుపు నారింజలా కనిపిస్తుంది. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది. ఎండ వెలుతురు సుమారు 5500 కెల్విన్ అయితే పాతరకం బల్బు 2700 దగ్గర, కొవ్వొత్తి 1900 దగ్గర ఉంటాయి. వైట్ బ్యాలెన్స్‌లో (తెలుపును తెలుపుగా సరిచేసే చోట) ఉండే డ్రాపర్ గుర్తు తీసుకుని తెల్ల నూలు మీద తాకించండి, మిగతా రంగులు చాలావరకు దారికొస్తాయి. కిటికీ వెలుగు ఒకవైపు, బల్బు ఒకవైపు పడితే మాత్రం ఒకవైపు సరిచేసేసరికి రెండోవైపు నీలమవుతుంది. అమ్మకానికి పెట్టే చీరైతే బల్బు ఆర్పి కిటికీ దగ్గరే మళ్లీ తీయండి. రంగు తేడా ఉందని కొన్నవాళ్లు తిప్పి పంపితే నేసినవాళ్లకే నష్టం. బతుకమ్మ దీపాల ఫొటోలో మాత్రం ఆ పసుపును పూర్తిగా తీసేయకండి, అది అక్కడ ఉన్న వెలుగే.

మొహాలు చెదిరాయి, లేదా అడ్డంగా చారలు పడ్డాయి

రెండూ ఎడిటింగ్‌తో బాగయ్యేవి కావు. చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్లను 1/15 సెకనులో తీస్తే చేతులు చెదురుతాయి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్‌ను (కెమెరా వెలుతురు తీసుకునే సమయం) 1/100కు తెచ్చి, చీకటి కాస్త ఎక్కువైనా ఒప్పుకోండి, దాన్ని పైన చెప్పినట్టు లేపవచ్చు. చారలు పెద్దగట్టు జాతర లాంటి చోట ఎల్ఈడీ లైట్ల కింద పడుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానితో వెలిగే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెడితే చాలావరకు చారలు పోతాయి. డిస్‌ప్లే బోర్డులు వేరే వేగంతో మిణుకుతాయి కాబట్టి వాటి ముందు షట్టర్ మార్చి మార్చి చూసుకోవాలి.