వానాకాలం వడ్లు రాకముందే: కొత్త సార్టెక్స్ కొనే మిల్లులకు జాగ్రత్తలు

మిర్యాలగూడ మిల్లుల్లో ఆగస్టు వచ్చిందంటే సార్టెక్స్ (బియ్యంలోంచి నల్ల గింజల్ని రంగు చూసి ఏరేసే మెషిన్) కొటేషన్లు తిరుగుతుంటాయి. అక్టోబర్ చివరికల్లా వడ్లు దిగుతాయి, ఆలోపే మెషిన్ బిగించాలని తొందర. గంటకు ఎన్ని టన్నులో కొటేషన్‌లో ఉంటుంది. ఏడాదికి ఎన్ని రోజులు నడుస్తుందో మాత్రం మీరే లెక్క కట్టుకోవాలి.

ఉదాహరణకు మెషిన్, బిగింపు కలిపి 40 లక్షలు అనుకుందాం. కరెంటు, కూలీ పోను రోజుకు 8 వేలు మిగిలి, ఏడాదికి 120 రోజులు నడిస్తే 9.6 లక్షలు. 11 శాతం వడ్డీ లెక్కన ఏడేళ్ల మిగులు ఇవాళ్టి విలువలో దాదాపు 45 లక్షలు. కొనొచ్చు. అదే 90 రోజులే నడిస్తే విలువ 34 లక్షలకు పడిపోతుంది, అంటే 6 లక్షల నష్టం. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు రాని యాసంగిని కూడా ఈ లెక్కలో వేయండి. పాత మెషిన్‌కు ఎప్పుడో పెట్టిన డబ్బును ఇందులోకి తేవద్దు. దాన్ని ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుందో అంతే కలపండి.

వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ గంటకు 3 టన్నులే ఇస్తుంటే 5 టన్నుల సార్టెక్స్ ఖాళీగా తిరుగుతుంది. ముందు మిల్లులో పని ఎక్కడ ఆగుతోందో చూడండి.

కొటేషన్‌లో తరచూ కనపడనివి: కంప్రెసర్, ఎయిర్ డ్రయ్యర్ (గాలిలో తేమ తీసేది), స్టెబిలైజర్, కేబుల్, పునాది. ఎయిర్ డ్రయ్యర్ దగ్గర మిగిల్చుకోవాలని చూడొద్దు. గాలిలో తేమ ఉంటే ఎజెక్టర్ నాజిల్ (చెడ్డ గింజను గాలితో పక్కకు కొట్టేది) జిగటపట్టి ఆలస్యంగా కొడుతుంది. నల్ల గింజ దాటిపోయి, దాని వెనకున్న మంచి గింజ రిజెక్షన్‌లో (మెషిన్ తీసేసిన గింజల్లో) పడుతుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు మీ బియ్యమే ఒక బస్తా తీసుకెళ్లి డెమో మెషిన్‌లో పోయించండి. రిజెక్షన్ నుంచి గుప్పెడు పళ్లెంలో పోసి మంచి గింజలు ఏరి, తూకం వేయండి. అమ్మేవాళ్లు మంచి బియ్యాన్నే చూపిస్తారు, డబ్బు పోయేది రిజెక్షన్‌లో.

హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు కనెక్షన్ ఉంటే లోడ్ పెంచేముందు ఆలోచించండి. వాడకం తగ్గినా ఒప్పందపు డిమాండ్‌లో (కరెంటు సంస్థతో రాసుకున్న లోడ్‌లో) 80 శాతానికి ఛార్జీ పడుతుంది.

సీసీ ఖాతా (సరుకు కొనడానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్) డబ్బుతో మెషిన్ కొనడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. వడ్లు కొనే రోజున లిమిట్ నిండిపోయి ఉంటుంది. టర్మ్ లోనే తీసుకోండి, మొదటి కిస్తీ సీజన్ డబ్బు చేతికొచ్చాక పడేలా అడగండి. జీఎస్టీ క్రెడిట్ తీసుకున్న మొత్తంపై ఆదాయపు పన్ను లెక్కలో మళ్లీ తరుగుదల చూపొద్దు. కొన్న ఏడు 180 రోజులకన్నా తక్కువ వాడితే తరుగుదల 15 శాతంలో సగమే, కానీ దానికోసమని తొందరపడక్కర్లేదు.

అక్టోబర్ మొదటి వారానికి ట్రయల్ పూర్తి కాదనిపిస్తే ఆర్డర్ ఆపి, ఈ సీజన్‌కు పక్క మిల్లులో జాబ్ వర్క్‌కు (కూలి ఇచ్చి చేయించుకోవడానికి) ఇవ్వండి. ఎన్ని రోజుల పని ఉందో ఆ బిల్లులే చెబుతాయి.