ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంది? జీపీ సర్జరీలో రికార్డులు తెరిచేవాళ్ల కోసం

ఇంగ్లండ్‌లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, ఉండే క్లినిక్‌ని సర్జరీ అంటారు. మా సర్జరీకి ఒకసారి ఒక కూతురి ఉత్తరం వచ్చింది. "నాన్న కారు నడపడం చూస్తే భయమేస్తోంది, ఈ నెలలోనే రెండుసార్లు దారి తప్పారు. డాక్టరు గారు ఒకసారి చూడాలి. నేను రాశానని ఆయనకి చెప్పకండి" అని. దాన్ని స్కాన్ చేసి ఆ పెద్దాయన రికార్డులో పెట్టింది నేనే. ఆన్‌లైన్‌లో కనపడకుండా దాచడం మరిచిపోయాను. ఆ వారంలోనే ఆయన ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) యాప్‌లో ఆ ఉత్తరం మొత్తం చదివారు. తర్వాత చాలా నెలలు తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు ఆమె ఏమీ అనలేదు, ఏడ్చింది.

ఇంగ్లండ్‌లో జీపీ సర్జరీల్లో రిసెప్షన్‌లోనో అడ్మిన్‌లోనో కొత్తగా చేరిన తెలుగువాళ్లు "అక్కా, రికార్డ్ యాక్సెస్ అంటే మనం ఏం చూసుకోవాలి?" అని అడుగుతుంటారు. పేషెంట్లు తమ వైద్య రికార్డుని ఆన్‌లైన్‌లో చూసుకోవడమే రికార్డ్ యాక్సెస్. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు నియమం. 16 ఏళ్లు నిండినవాళ్లకు, రికార్డులో కొత్తగా చేరేవన్నీ యాప్‌లో కనపడే ఏర్పాటు 2023 అక్టోబరు 31 కల్లా చేయాలని ఎన్‌హెచ్‌ఎస్‌తో సర్జరీలకు ఉండే జీపీ కాంట్రాక్టు చెప్పింది. డాక్టరు రాసుకున్న మాటలు, రక్తపరీక్షలు, ఆసుపత్రి ఉత్తరాలు అన్నీ అందులోకే వస్తాయి. పాత రికార్డు అలా తెరుచుకోదు. పేషెంటు అడగాలి, మనవైపు ఒకరు కూర్చుని మొదటి నుంచీ చదివి చూడాలి. లాయిడ్ జార్జ్ కవర్లలోంచి (పాతకాలపు కాగితం రికార్డులు దాచిన కవర్లు) స్కాన్ చేసిన కాగితాలు కూడా అందులో ఉంటాయి కాబట్టి ఈ పనికి తొందరపడకండి.

గుర్తింపు సంగతి సులువు. చాలామంది పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో ఫొటో తీసి, ముఖం చూపించి, ఎన్‌హెచ్‌ఎస్ లాగిన్‌తో వాళ్లే పూర్తి చేసుకుంటారు. అది కుదరనివాళ్లు కౌంటర్ దగ్గరికి వస్తారు. గుర్తింపు కార్డు చూసి, యాప్‌లో నమోదుకు కావలసిన లింకేజ్ కీ, అకౌంట్ ఐడీ, ఓడీఎస్ కోడ్ (మన సర్జరీని గుర్తించే కోడ్) ఉన్న కాగితం ఇస్తాం. దాన్ని ఆ మనిషి చేతిలోనే పెట్టండి. "మా ఆవిడదీ ఇచ్చేయండి, నేను తీసుకెళ్తా" అంటే కుదరదని మర్యాదగా చెప్పండి.

అసలు జాగ్రత్త ఇక్కడే. మన ఇళ్లల్లో ఒకరి ఫోన్ ఒకరు చూడటం, పాస్‌వర్డ్ భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉండటం ఎవరికీ వింతగా అనిపించదు. కొన్ని ఇళ్లల్లో అది ప్రేమే. కొన్ని ఇళ్లల్లో అది కాపలా. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే మేం ప్రతి కొత్త పేషెంటునీ రిజిస్ట్రేషన్ సమయంలో ఒంటరిగా ఒక మాట అడుగుతాం: "మీ ఫోన్ మీరు కాకుండా ఇంకెవరైనా తెరుస్తారా? మీ రికార్డు వాళ్లు చూస్తే మీకు ఇబ్బందా?" ఇంగ్లిష్ రాకపోతే దుభాషిని పిలుస్తాం. పక్కన నిలబడ్డ భర్తనో ఆడపడుచునో ఎప్పుడూ అనువాదం చేయమనకండి. నేను తెలుగులో అడిగినప్పుడు ఒకావిడ తలుపు వైపు చూసి, "చూస్తారమ్మా" అని ఆ ఒక్క మాటే అంది. మాకు అది చాలు.

అలాంటి జవాబు వస్తే క్లినీషియన్‌కి, అంటే వైద్యం చూసే డాక్టరుకో నర్సుకో, చెప్పండి. సర్జరీల్లో 104 కోడ్ అని పిలుచుకునేది ఒకటి ఉంది, పేషెంటు రికార్డులో పెడతాం. యాక్సెస్ ఇచ్చే ముందు మరింత పరిశీలించాలి అని దాని అర్థం. కానీ ఆ కోడ్ పెట్టినంత మాత్రాన అప్పటికే ఉన్న యాక్సెస్ పోదు, సెట్టింగుల్లో విడిగా ఆపాలి. ఆపే ముందు ఆమెనే అడగండి. నిన్నటిదాకా కనపడిన రికార్డు ఈ రోజు మాయమైతే ఇంట్లో ఏమవుతుందో ఆమెకే తెలుసు. కొందరు "ఉండనివ్వండి, ఈ విషయం మాత్రం దాచండి" అంటారు. అప్పుడు డాక్టరు రాసిన నోట్ ఒక్కటి దాచి ఊరుకోకండి. మందుల జాబితాలో గర్భనిరోధక మాత్ర పేరు కనపడుతుంది. అపాయింట్‌మెంట్‌కి పెట్టిన క్లినిక్ పేరు కనపడుతుంది. గుర్తుచేసే మెసేజ్ ఎవరి నంబరుకి వెళ్తోందో కూడా చూడండి. ఆసుపత్రి నుంచి నేరుగా యాప్‌లోకి వచ్చేవి మన చేతిలో ఉండవు, ఆ మాట ఆమెకి ముందే చెప్పాలి.

వయసు మళ్లిన తల్లిదండ్రుల విషయంలో పాస్‌వర్డ్ పంచుకోవద్దనండి. ప్రాక్సీ యాక్సెస్ (ఒకరి తరఫున ఇంకొకరు చూసే అనుమతి) తీసుకుంటే కొడుకు తన లాగిన్‌తోనే అమ్మ మందులు ఆర్డర్ చేయగలడు. చాలామందికి మందులు, అపాయింట్‌మెంట్ల వరకే చాలు, రికార్డంతా తెరవక్కర్లేదు. ఎంతవరకు ఇవ్వాలో అమ్మే చెప్పాలి. సంతకం పెట్టించే ముందు ఆవిడతో విడిగా రెండు నిమిషాలు మాట్లాడండి.

ఇతరులు చెప్పిన విషయాలకు ఇప్పుడు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కుటుంబం నుంచి ఏ ఉత్తరం వచ్చినా, ఎవరు ఫోన్ చేసి చెప్పినా, ముందు ఆన్‌లైన్‌లో దాచి, తర్వాతే ఫైల్ చేస్తాం. సర్జరీలు రికార్డులకు వాడే సాఫ్ట్‌వేర్లు ఈమిస్‌లోనూ సిస్టమ్‌వన్‌లోనూ ఆ వీలుంది. రికార్డు పేషెంటుకి తీవ్రమైన హాని చేస్తుందా, కాబట్టి చూపకూడదా అన్నది మాత్రం క్లినీషియన్ తేల్చాలి, రిసెప్షన్ కాదు.

పరీక్షల ఫలితాలు డాక్టరు చూసి ఫైల్ చేయగానే యాప్‌లో కనపడతాయి. మన సర్జరీ శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మూస్తాం. ఆరుంపావుకి ఫైల్ చేసిన చెడ్డ ఫలితంతో ఒక మనిషి సోమవారం ఉదయం ఎనిమిదిదాకా ఒంటరిగా ఉండాలి. ముందు ఫోన్, తర్వాత ఫైల్ అని మా డాక్టర్లతో మాట తీసుకున్నాను, ఇప్పటిదాకా నిలబెట్టుకున్నారు.

రాసే భాష కూడా మార్చుకోవాలి. ఆయాసానికి (షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్) డాక్టర్లు ఎస్‌ఓబీ అని పొట్టిగా రాసేవారు. ఇంగ్లిష్‌లో అది తిట్టు కూడా. అపాయింట్‌మెంట్‌కి రానివాళ్లకు రాసే డీఎన్‌ఏ (డిడ్ నాట్ అటెండ్) చూసి, తనకి తెలియకుండా జన్యుపరీక్ష చేశారని ఒకాయన హడలిపోయి వచ్చారు. పూర్తి మాట రాస్తే అయ్యేది పది సెకన్ల పని.

పిల్లల యాక్సెస్ సంగతి చాలామంది మరిచిపోతారు. చిన్నపిల్లల రికార్డు ప్రాక్సీగా తల్లిదండ్రులు చూస్తారు. 11 ఏళ్లు నిండేసరికి దాన్ని ఆపి మళ్లీ ఆలోచించడం సర్జరీల్లో మామూలు. ఆ వయసు నుంచి పిల్లలు డాక్టరుతో సొంతంగా చెప్పుకునే విషయాలు మొదలవుతాయి. పిల్ల తనంతట తాను అర్థం చేసుకుని నిర్ణయించగలదా అన్నది క్లినీషియన్ చూస్తారు. 1985 నాటి గిలిక్ కేసులో కోర్టు ఇచ్చిన తీర్పు నుంచి వచ్చిన కొలత అది. నేను నెల మొదటి సోమవారం, రాబోయే నెలలో 11 నిండే పిల్లల జాబితా తీసి తల్లిదండ్రులకు ముందుగానే ఉత్తరం పంపుతాను. లేకపోతే ఏ శనివారం పూటో ఇన్‌హేలర్ ఆర్డర్ చేయబోయి, పేజీ తెరుచుకోక కంగారుపడతారు. మందులు ఆర్డర్ చేసే వీలు మాత్రం ఉంచమని అడగవచ్చని ఆ ఉత్తరంలోనే రాస్తాను.