చలికి వేళ్లు తెల్లబడుతుంటే ఏం చేయాలి?

చలికాలం తెల్లవారుజామున ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. వరంగల్‌లో అంత తీవ్రత లేకపోయినా, రాత్రంతా ట్యాంకులో చల్లబడిన నీళ్లతో సాన్పు చల్లేవారికి, అంట్లు తోమేవారికి చేతులు కొంకర్లు పోవడం మామూలే. అయితే వేళ్లు గీత గీసినట్టు కొంతమేర పాలిపోయి, తర్వాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడి సలుపుతుంటే అది రేనాడ్స్ సమస్య కావచ్చు. 1862లో మారిస్ రేనాడ్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించిన ఈ స్థితిలో, చలికి గాని మానసిక ఒత్తిడికి గాని వేళ్లలోని సన్నని ధమనులు అతిగా బిగుసుకుపోయి రక్తం అందదు. మూడు రంగులూ అందరిలో కనిపించవు. నల్లని చర్మంపై మార్పు వెంటనే తెలియదు కనుక గోళ్ల కింద, అరచేతి వైపు చూడాలి.

వేళ్లు మొద్దుబారగానే చలిమంట దగ్గర పెట్టడం, సలసల కాగే నీళ్లలో ముంచడం మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. స్పర్శ తెలియని వేలు కాలినా తెలియదు. గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, లేదా చంకల్లో పెట్టుకోవాలి. సాధారణంగా 15, 20 నిమిషాల్లో రంగు తిరిగి వస్తుంది.

నివారణకు చేతి తొడుగులు మాత్రమే చాలవు. ఒళ్లు చల్లబడితే శరీరం ముందుగా వేళ్లకే రక్తం తగ్గిస్తుంది కాబట్టి స్వెటర్, చెవులకు మఫ్లర్, కాళ్లకు మేజోళ్లు కూడా అంతే అవసరం. ట్యాంకు నీళ్ల బదులు అప్పుడే తోడిన బోరు నీళ్లు వాడండి, ఫ్రిజ్‌లోని గిన్నెను బట్టతో పట్టుకోండి. బీడీ, సిగరెట్ మానాల్సిందే. మైగ్రేన్‌కు వాడే ప్రొప్రనోలాల్, జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ దీన్ని పెంచవచ్చు. మందు మీరే ఆపేయకుండా వైద్యుడికి చెప్పండి. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల్లో డ్రిల్లింగ్ యంత్రాలు పట్టేవారికి ఆ కంపనం వల్లనే ఈ సమస్య రావచ్చు.

యుక్తవయసులో మొదలై రెండు చేతులకూ సమానంగా వచ్చేది చాలావరకు ప్రమాదం లేనిదే. ముప్పై దాటాక మొదలైనా, ఒకే చేతికి వచ్చినా, వేలి కొసల్లో పుండ్లు, చర్మం బిగుసుకుపోవడం, కీళ్ల నొప్పులు ఉన్నా రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే స్క్లెరోడెర్మా, లూపస్ వంటి జబ్బులను అనుమానించి రుమటాలజిస్టు (ఇలాంటి జబ్బులు, కీళ్ల జబ్బులు చూసే వైద్యుడు) ఆ దాడి ఆనవాళ్లను వెతికే ఏఎన్ఏ రక్తపరీక్ష చేయిస్తారు. నిఫెడిపిన్ వంటి మాత్రలు రక్తనాళాలను వదులు చేస్తాయి గాని బీపీనీ తగ్గిస్తాయి, కనుక మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. వేలు నల్లబడినా, తీవ్రమైన నొప్పితో ఎంతకీ రంగు తిరగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన సందర్భాల్లో డాక్టర్ దగ్గరికి చేరేసరికి వేళ్లు మామూలుగానే ఉంటాయి కాబట్టి, తెల్లబడినప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి.