విజయనగరం నుంచి ఉగాండా సేవకు బయలుదేరే కుటుంబానికి జాగ్రత్తలు

టిక్కెట్టు కంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలోనే వేయించుకోవాలి, సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 9 నెలల్లోపు పాప, గర్భిణి, గుడ్డు పడనివారు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. టీకా కార్డులో పాస్‌పోర్టు నంబరు సరిచూసుకోండి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ రాస్తే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టాలి. సెలవుకు ఊరొచ్చాక మరో 4 వారాలు మానకూడదు. ఇంటికొచ్చేశామని చాలామంది ఆపేసేది ఇక్కడే. కాలేయంలో దాగిన క్రిమి తర్వాత రక్తంలోకి వస్తుంది. చిన్నపిల్లలకు వేరే మందు అడగండి.

టూరిస్టు వీసాపై సంఘం (చర్చి) పని వద్దు.

ఆవకాయ గాజు సీసాలో కాదు, ప్లాస్టిక్ డబ్బాలో, మూతకు టేపు చుట్టి పెద్ద పెట్టెలో. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే.